కుడి వరస

మా బావ కుందేళ్ళు పెంచుతాడు. పెంచేవాడు అనాలేమో. ఇంకా పదకొండు మిగిలాయి కాబట్టి ప్రస్తుతానికి పెంచుతాడనే అంటాను.

ఊరు పిడుగురాళ్ళకి దగ్గర. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినిపిస్తుంది కదా, అది అక్కడికి మరీ దూరమేం కాదు. అలాంటి చోట, ఉన్నికోటుతో పుట్టిన జంతువుని రేకుల షెడ్డులో పెంచాలన్న ఆలోచన మా బావది కాదు. మిర్చిలో వరసగా రెండేళ్ళు దెబ్బతిన్నాక ఒక కంపెనీ వాళ్ళు ఊళ్ళోకొచ్చారు. ఏడు ఆడవి, మూడు మగవి కలిపితే ఒక యూనిట్ అన్నారు. పుట్టిన పిల్లల్ని మేమే కొంటాం అన్నారు. కాగితం మీద రాసిచ్చారు కూడా. బావ అయిదు యూనిట్లు తీసుకున్నాడు, అప్పు చేసి. హామీ సంతకం నాది. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ ఫోన్ ఎత్తడం మానేసింది. అది వేరే కథ, చాలా ఊళ్ళలో జరిగిన కథే. కుందేళ్ళు మిగిలాయి, అప్పు మిగిలింది.

తెల్లగా ఉన్నవి న్యూజీలాండ్ వైట్. బూడిదరంగువి సోవియట్ చిన్‌చిల్లా. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా పెద్దనాన్నగారి ఇంట్లో రాదుగ వాళ్ళ పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి నేను. ఆ దేశం 1991లో పోయింది, పుస్తకాలు చెదలు పట్టాయి, పేరు మాత్రం పల్నాడులో ఒక కుందేలు మోస్తోంది.

మొదటి ఎండాకాలం, ఏప్రిల్ చివర్లో, ఒకే వారంలో ఆరు చచ్చిపోయాయి. అన్నీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపే. బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నువ్వు అన్నీ చదువుతుంటావు కదా. దీనికేమన్నా ఉందేమో చూడరా."

నాలాంటివాడితో అనకూడని మాట అది. ఇంజనీరింగ్ చదివి, పగలు కోడ్ రాసి, రాత్రిళ్ళు ఇలాంటి పత్రికల్లో పుస్తకాల మీద అభిప్రాయాలు వెలిబుచ్చే మనిషికి "నువ్వు చదువుతావు కదా" అన్నది పొగడ్త కాదు, మత్తుమందు. ఆ రాత్రే కూర్చున్నాను.

మనకి చెమట పడుతుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంది. కుందేలుకి చెప్పుకోదగ్గ చెమట గ్రంథులు లేవు, రొప్పడంలోనూ కుక్కంత గట్టిది కాదు. దానికున్న ఆధారమల్లా ఊపిరీ, చెవులూ. ఒంటి మొత్తం ఉపరితలంలో దాదాపు 12 శాతం చెవులే. ఎండ పెరిగితే చెవుల్లోని రక్తనాళాలు వెడల్పవుతాయి, ఒంట్లో వేడి అక్కణ్ణుంచి గాలిలోకి పోతుంది. మా అమ్మమ్మ కుందేలుని చెవులపిల్లి అనేది. సైన్సు ప్రకారం చూసినా అంతకంటే సరైన పేరు లేదు. చిక్కేంటంటే, కుందేలు ఒంటి వేడి 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బయట 42 ఉంటే చెవుల నుంచి వేడి బయటికి పోదు, ఎదురు లోపలికి వస్తుంది. హాయిగా ఉండాలంటే దానికి 15 నుంచి 25 డిగ్రీలు కావాలి. 35 దాటాక తన వేడిని తను అదుపు చేసుకోవడం దాని వల్ల కాదు.

ఇలాంటి లెక్కలన్నీ ఎక్కువగా ఈజిప్టు నుంచి వస్తాయని అప్పుడే తెలిసింది. అక్కడ కుందేలు మామూలు ఇళ్ళలో వండుకునే మాంసం, ఎండలూ మనలాంటివే. జగాజిగ్ విశ్వవిద్యాలయంలో మారాయ్ అనే ఆయన, సహచరులూ 2001లో కుందేళ్ళ కోసం ఒక సూచిక ఇచ్చారు. ఉష్ణోగ్రత, గాలిలో తేమ రెండూ కలిపి ఒక అంకె వస్తుంది. అది 27.8 లోపుంటే ఇబ్బంది లేదు, 28.9 దాకా ఓ మాదిరి, 30 దాకా తీవ్రం, అది దాటితే అతి తీవ్రం. నేను వెంటనే ఎక్సెల్ తెరిచి ఒక్కో స్థాయికీ ఒక్కో రంగిచ్చి, మా బావ ఊరి ఏప్రిల్, మే, జూన్ పెట్టాను. 42 డిగ్రీలు, 20 శాతం తేమకి 35.2 వచ్చింది. సాయంత్రం కాస్త చల్లబడి 32 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్నప్పుడు కూడా 29.8. మూడు నెలల మధ్యాహ్నాలన్నీ ఒకే ఎరుపు. ఆ షీటు బావకి వాట్సాప్‌లో పంపాను. "బాగుంది, ఏం చేయాలి?" అని వచ్చింది జవాబు.

ఏం చేయాలి అన్నదానికి నాకు దొరికిన సమాధానం యాంటీఆక్సిడెంట్లు.

వాదన ఇలా ఉంటుంది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే పొయ్యిలున్నాయి. వేడి మితిమీరితే వాటిలోంచి నిప్పురవ్వలు ఎక్కువ ఎగురుతాయి. ఆ రవ్వలకి ముందు దొరికేది కణాల పొరల్లోని కొవ్వు. పాత పల్లీనూనె ముక్కిపోయి అదో రకం వాసనేస్తుంది చూడండి, రసాయనికంగా దాదాపు ఆ పనే బతికున్న ఒంట్లో జరుగుతుంది. ఎంత ముక్కిందో తెలుసుకోవడానికి రక్తంలో మాలోన్‌డైఆల్డిహైడ్ ఎంతుందో కొలుస్తారు. విటమిన్ ఇ కొవ్వుపొరల్లో కూర్చుని రవ్వల్ని తన మీదికి తీసుకుంటుంది. సెలీనియం అలాంటి పనే చేసే ఒక ఎంజైములో భాగం. విటమిన్ సి కుందేలు తన కాలేయంలో తనే తయారుచేసుకుంటుంది. మనకీ గినీపందులకీ ఆ అదృష్టం లేదు. అయినా ఎండల్లో దాని తయారీ దానికి చాలదన్న వాదనతో బయటి నుంచి కూడా ఇచ్చి చూస్తారు.

నాకు బాగా నచ్చింది విటమిన్ ఇ పుట్టుక. 1922లో బర్క్‌లీలో హెర్బర్ట్ ఇవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకలకి శుద్ధి చేసిన ఆహారం పెడుతూ గమనించారు. ఎలుకలు బాగానే పెరుగుతున్నాయి, చూలు కడుతున్నాయి, కానీ పిల్లలు కడుపులోనే పోతున్నాయి. లెట్యూస్ ఆకులు పెట్టారు, పిల్లలు బతికాయి. అందుకే ఆ విటమిన్ రసాయన నామం టోకోఫెరాల్‌లో కాన్పు అనే అర్థమున్న గ్రీకు మాట ఉంది. ఇది చదివిన రాత్రి నేను బావకి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు చెప్పాను. ఆకులు పెట్టారు అన్న ముక్క దగ్గర ఆగి ఉంటే బాగుండేది. మేలో పచ్చగడ్డి దొరక్క అప్పటికే మా అక్క అలసంద తీగ, సుబాబుల్ రొట్ట సగానికి తగ్గించేసి దాణా మీద నెట్టుకొస్తోంది. నేను ఆగలేదు. పౌడర్ ఆర్డర్ పెట్టాను.

పేపర్ల గురించి ఒక మాట. ఓ పాతిక చదివుంటాను. వాటి ముందుండే సారాంశం మన పుస్తకాల ముందుమాటల్లాంటిది, అందులో ఏదీ ఓడిపోదు. అసలు కథ పద్ధతుల విభాగంలో ఉంటుంది. తల్లి నుంచి విడదీసిన అయిదారు వారాల పిల్లల్ని కొన్ని పదులు తీసుకుంటారు. మూడు నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి మామూలు దాణా, మిగతావాటికి విటమిన్ ఇయో, సెలీనియమో, ఏదో మొక్క సారమో కలిపిన దాణా. ఓ ఎనిమిది వారాలు చూస్తారు. చివర్లో బరువు కొంచెం పెరుగుతుంది, మాలోన్‌డైఆల్డిహైడ్ తగ్గుతుంది. వీటిని నేను కొట్టిపారేయడం లేదు. ఒకే చోట, ఒకే ఎండలో, ఒకే రకంగా చూసుకున్న కుందేళ్ళ మధ్య తేడా అది. అంతవరకు నిజం. కానీ నేను చదివినవాటిలో చాలావాటికి చల్లటి షెడ్డులో ఉన్న గుంపంటూ లేదు. ఎండలో పౌడర్ తిన్నదానికీ ఎండలో తిననిదానికీ పోలికే తప్ప, నీడలో ఉన్నదానితో పోలిక లేదు. చల్లటి తాగునీళ్ళిచ్చి చూసిన ప్రయోగాలు ఈజిప్టులోనే ఉన్నాయి. వాటిని నేను పైపైన చూసి వదిలేశాను. నీళ్ళు ఎవరికైనా తెలుసు కదా. నేను తెచ్చే కబురు ఎవరికీ తెలియనిది అయ్యుండాలి.

ఆ రోజుల్లోనే ఒక పశువుల డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన నా ఉపన్యాసమంతా విని, "మంచిదేనండీ, ముందు పైకప్పు సంగతి చూడండి" అన్నారు. పాతకాలం మనిషి అనుకున్నాను.

ఇక ప్రయోగం. ఆఫీసులో మేము ఏ చిన్న బటన్ రంగు మార్చినా ఎ/బి టెస్టింగ్ చేస్తాం. సగంమందికి పాతది, సగంమందికి కొత్తది. షెడ్డులో రెండు వరసల బోనులున్నాయి. మిగిలినవి 44. కుడి వరసలో 22, ఎడమ వరసలో 22. కుడి వరసకి విటమిన్ ఇ, సెలీనియం కలిపిన దాణా, ఎడమకి మామూలుది. దాణా కలిపేది మా అక్క. రోజూ రాత్రి తొమ్మిదింటికి నాకు మెసేజ్ పెట్టేదీ అక్కే: ఎన్ని గ్రాములు కలిపింది, ఎంత మిగిల్చాయి, ఎన్ని పోయాయి. ఇంటర్ దాకా చదివి ఆపేసిన మనిషి, ఒక్క రోజు తప్పకుండా రెండు నెలలు పంపింది. మా టీమ్‌లో అంత శ్రద్ధగా లాగ్ రాసేవాళ్ళు లేరు.

జూన్ చివరికి లెక్క తేలింది. ఎడమ వరసలో తొమ్మిది పోయాయి. కుడి వరసలో రెండే.

ఫిషర్ పరీక్ష చేశాను. పీ విలువ 0.034. 0.05 కంటే తక్కువ! ఆ అంకె చూసినప్పుడు కలిగిన ఆనందం నా రివ్యూలు దేనికీ కలగలేదని ఒప్పుకోవాలి. మా కాలేజీ గ్రూపులో పెట్టాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న సామెత ఎవడో ఒకడు వేయాలి కదా, వేశాడు. "నా దగ్గర నాలుగు కాళ్ళూ ఉన్నాయి, గ్రాఫ్ చూడు" అన్నాను.

ఒక అనుమానం రావాల్సింది, రాలేదు. దాణాలో మందు కేజీకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కట్టి కలుపుతాం. ఎండదెబ్బ తగిలిన కుందేలు మొదట చేసే పనే మేత తగ్గించడం. ఒంట్లో వేడి పుట్టకుండా అది చేసుకునే ఏర్పాటు అది. అంటే మందు ఎప్పుడు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడే తక్కువ లోపలికి పోతుంది. అక్క పంపిన మెసేజుల్లో ఎంత మిగిల్చాయో రోజూ ఉంది. ఎడమ వరస ఎక్కువ మిగిల్చేది, కుడి వరస తక్కువ. పౌడర్ పని చేస్తోంది కాబట్టి ఆకలి బాగుందని రాసుకున్నాను. ఆకలి బాగుందంటే అక్కడ అసలు వేడే తక్కువేమో అన్న ఆలోచన నాకు తట్టలేదు.

రెండో ఎండాకాలం వచ్చింది. చలికాలం ఈనిన పిల్లల్ని కొన్ని అమ్మేయగా షెడ్డులో నలభై పైచిలుకు ఉన్నాయి. ఈసారి రెండు వరసలకీ పౌడరే. బావ ఫ్యాన్లు పెట్టిద్దామా అని అడిగితే, కరెంటు బిల్లు దండగ, పౌడర్ ఉందిగా అన్నది నేనే. ఆ మాట నా వాట్సాప్‌లో ఇంకా ఉంది. చెరిపేయలేదు.

మే రెండో వారంలో అమ్మకి మోకాలి ఆపరేషన్. అక్క హైదరాబాద్ వచ్చింది, మా ఇంట్లో ఉంది. ఆ మూడు రోజులూ అక్కడ 44 తగ్గలేదు. మొదటి రోజు ఆరు. రెండో రోజు ఉదయం బావ ఫోన్ చేసి మోతాదు పెంచనా అన్నాడు. అడక్కముందే రెట్టింపు చేసేశాడట. సెలీనియం మోతాదు మించితే అదే విషమని అరిచాను. మూడో రోజు సాయంత్రానికి మొత్తం పందొమ్మిది. కుడి వరసలో పది, ఎడమ వరసలో తొమ్మిది.

అక్కా నేనూ రాత్రికి రాత్రి కార్లో బయల్దేరాం. తెల్లారేసరికి ఊళ్ళో ఉన్నాం. బావ గొయ్యి తీసి అప్పటికే సున్నం చల్లి పూడ్చేశాడు. చూలువి నాలుగున్నాయి అందులో. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అక్క షెడ్డులోకి పోయి కుడి వరస ముందు నిలబడి, వెనక్కి తిరిగి, "గోనెపట్టాలు ఎవరు తీశారు?" అంది.

"మిర్చి టిక్కీలకని నేనే తీశా," అన్నాడు బావ.

ఏ గోనెపట్టాలు అని అడిగాను.

కుడి వరస వెనక గోడ లేదు, జాలీ ఉంది, అటువైపు పడమటి గాలి. పోయిన ఏడాది ఏప్రిల్ నుంచీ అక్క ఆ జాలీకి పాత గోనెపట్టాలు కట్టి రోజుకి నాలుగైదు సార్లు నీళ్ళతో తడుపుతోంది. పంపు దగ్గర్నుంచి పైపు అంతవరకే వస్తుంది. ఎడమ వైపుకి బిందెలతో మోయాలి, అది తన వల్ల కాలేదు. అందుకని నీరసంగా కనిపించినవాటినీ చూలువాటినీ కూడా కుడి వైపుకి మార్చేది. పొడి గాలి తడి పట్టాలోంచి వస్తే చల్లబడుతుంది. ఎయిర్ కూలర్ పని చేసే పద్ధతే అది. గాలిలో తేమ ఎక్కువుండే బాపట్ల వైపైతే ఇంత ఉపయోగం ఉండదు, పల్నాటి వడగాలికి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నా సూచికలో ఉష్ణోగ్రతతో పాటు తేమ ఎందుకుందో నాకు తెలుసు. ఆ సూత్రం పొట్టిదే, కంఠతా వచ్చు.

"మరి నాకు చెప్పలేదేంటక్కా?"

"నువ్వు అడగలేదుగా. పౌడర్ ఎన్ని గ్రాములు వేశావని అడిగేవాడివి."

కోపంగా అనలేదు. అప్పటికే పైపు పట్టుకుని బతికున్నవాటి చెవులు తడుపుతోంది.

తిరిగొచ్చాక ఆ పేపర్లు మళ్ళీ తీశాను. దాదాపు ప్రతిదాంట్లోనూ పద్ధతుల విభాగంలో ఒక వాక్యం ఉంది: కుందేళ్ళన్నిటినీ ఒకే రకమైన వసతి, ఒకే రకమైన సంరక్షణ కింద ఉంచడమైనది, అన్న అర్థంలో. కర్త లేని వాక్యం. కథల్లో అలాంటి వాక్యం కనిపిస్తే, ఈ పని చేసిందెవరు, రచయిత ఎందుకు దాచాడు అని రెండు పేరాలు రాస్తాను నేను. ఇక్కడ పాతిక సార్లు దాటుకుంటూ పోయాను. ఉంచింది ఎవరు? బోనులు కడిగిందెవరు, నీళ్ళు ఎన్నిసార్లు మార్చారు, నీరసపడ్డదాన్ని చూసి ఎవరైనా నీడవైపు జరిపారా? ఆ ప్రయోగశాలల్లో బహుశా నిజంగానే అందరికీ ఒకేలా చేసుంటారు, అది వాళ్ళ వృత్తి. మా షెడ్డులో ఆ వాక్యం అబద్ధం, ఆ అబద్ధం వల్లే కుడి వరస బతికింది. నేను దాన్ని విటమిన్ ఇ ఖాతాలో వేశాను.

యాంటీఆక్సిడెంట్ అన్న మాటకే మనం ఇట్టే లొంగిపోతామనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద విటమిన్ ఇ, బీటాకెరోటిన్ మాత్రలు పరీక్షించి 1994లో ఫలితాలు చెప్పారు. బీటాకెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, ఎక్కడో చదివాను. నా టేబుల్ మీద మల్టీవిటమిన్ డబ్బా పక్కనే కూర్చుని చదివాను. సిగరెట్ మానడం కష్టం, మాత్ర సులువు. రేకులు మార్చడం కష్టం, పౌడర్ సులువు, పైగా హైదరాబాద్ నుంచి ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టొచ్చు.

ఇంకో విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిడుగురాళ్ళకి పేరొచ్చిందే సున్నం వల్ల. ఊరి చుట్టూ సున్నపు బట్టీలే. రేకుల మీద తెల్లగా సున్నం కొడితే ఎండ చాలావరకు వెనక్కి పోతుందని బడిపిల్లలకి కూడా తెలుసు. చచ్చినవాటి మీద చల్లడానికి సున్నం తెచ్చాం తప్ప, అంతవరకు రేకుల మీద కొట్టలేదు.

తర్వాత కొట్టాం. దాని మీద తాటాకు పరిచాం. పైపుకి ఇంకో పదిహేను అడుగుల ముక్క అతికించాను. నేను ఆ షెడ్డులో నా చేతుల్తో చేసిన పని అదొక్కటే. ఇప్పుడు నీళ్ళు ఎడమ వరసకీ అందుతాయి. పౌడర్ మానేయలేదు, చెప్పిన మోతాదులో వేస్తున్నాం. బతికున్నదానికి అది కొంత మేలు చేయొచ్చు. అప్పులో నా వంతు అని నెలకి కొంత కడుతున్నాను. బావ వద్దంటాడు, అక్క వద్దనదు.

మిగిలిన పదకొండులో రెండు మగవి. ఎండ దెబ్బ తిన్న మగ కుందేలు పైకి మామూలుగా తిరిగినా లోపల కొత్త వీర్యకణాలు తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. జులైలో ఎన్నిసార్లు జత కట్టించినా ఒక్కటీ చూలు నిలవలేదు. బావ వాటిని అమ్మేద్దామంటున్నాడు. దసరా దాకా ఆగమని చెప్పాను. ఈసారి ఏ పేపరూ పంపలేదు.

ఎక్సెల్లో ఒక కొత్త కాలమ్ పెట్టాను, పట్టాలు తడిపిన టైము అని. రోజూ రాత్రి పంపమని అక్కకి చెప్పాను. ఒక వారం చూశాను, ఖాళీ. ఫోన్ చేస్తే వెనకాల నీళ్ళ చప్పుడు.

"తడుపుతూ టైమెట్లా రాసేదిరా? నువ్వు రా, నువ్వు రాసుకో," అంది.